బండి – బతుకు: ఏ ఇంధనం ఎవరికి?

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దారి పట్టాయి. హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండే బండి) కొనాలా, సీఎన్‌జీ (పీడనంతో సిలిండర్‌లో కుక్కిన సహజవాయువు) మేలా, ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) లారీలు నిలబడతాయా, హైడ్రోజన్ ఎప్పుడొస్తుంది అని. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన రోజుల నుంచి నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే. మీ బండి పొద్దున్నే ఎక్కడ బయలుదేరుతుంది, దారిలో ఎన్నిసార్లు ఆగుతుంది, ఎంత బరువు మోస్తుంది, రాత్రి ఎక్కడ నిలుస్తుంది? ఇది తెలియకుండా ఏ ఇంధనం మంచిదో చెప్పడం రోగిని చూడకుండా మందు రాయడమే. ఆ వివరాలు రాసి పంపినవారి ప్రశ్నలే ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి కారులో వెళ్తాను. నెలకోసారి ఖమ్మం ప్రయాణం. అన్నీ కలిపి నెలకు వెయ్యి కిలోమీటర్లు. కొత్త కారు కోసం చూస్తే ఒకే మోడల్‌లో ఒకదాన్ని స్మార్ట్ హైబ్రిడ్ అంటున్నారు, రెండు లక్షలు ఎక్కువ పెట్టాల్సిన ఇంకోదాన్ని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటున్నారు. తేడా ఏమిటి? బ్యాటరీ పోతే మళ్లీ లక్షలు పోయాలని మా బావగారు భయపెడుతున్నారు.
– ఒక బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పేరు ఒకటే అయినా ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉందమ్మా. స్మార్ట్ హైబ్రిడ్ అని మారుతి 2015లో సియాజ్‌తో మొదలుపెట్టిన పద్ధతిలో, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే మామూలు ఆల్టర్నేటర్ ఉండే చోట కొంచెం బలమైన మోటారు ఉంటుంది. అది బెల్టు ద్వారా ఇంజిన్‌కు చేయూతనిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను కుదుపు లేకుండా లేపుతుంది, బయలుదేరేటప్పుడు కాస్త తోస్తుంది. అంతవరకే. ఇంజిన్ ఆగి ఉంటే ఆ మోటారు ఒక్కటే కారును అడుగు కూడా కదిలించలేదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కథ వేరు. మామూలు గేర్‌బాక్సు ఉండే చోట ఒక గేర్ల గుత్తి ఉంటుంది. నడుమ ఒక సూర్య గేరు, దాన్ని ఆనుకుని తిరిగే చిన్న గ్రహ గేర్లు, వాటన్నిటినీ చుట్టి ఒక వలయ గేరు. గ్రహ గేర్లను పట్టి ఉంచే చట్రానికి ఇంజిన్, సూర్య గేరుకు ఒక జనరేటర్, వలయం వైపు చక్రాలూ వాటిని నడిపే పెద్ద మోటారూ. క్లచ్చు లేదు, గేరు మార్చే పనీ లేదు. జనరేటర్ వేగాన్ని కంప్యూటర్ పెంచి తగ్గించినకొద్దీ ఇంజిన్ బలంలో ఎంత చక్రాలకు పోవాలో, ఎంత కరెంటుగా మారాలో తేలిపోతుంది. టయోటా 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసిన ప్రియస్ నుంచి మన ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా, హైరైడర్‌ల వరకు మూలసూత్రం ఇదే. తరగతి గదిలో ఈ గేర్ల గుత్తిని చేత్తో తిప్పి చూపించినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు నాకు చాలా ఇష్టం. ఇంత పొదుపైన ఆలోచన యంత్రశాస్త్రంలో అరుదు.

ఇక్కడ మీ కూకట్‌పల్లి దారి అక్కరకొస్తుంది. ట్రాఫిక్‌లో బ్రేకు వేసిన ప్రతిసారీ మామూలు కారులో వేగమంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ముందు మోటారే జనరేటర్‌గా మారి ఆ వేగాన్ని కరెంటుగా వెనక్కి తీసుకుంటుంది, మిగిలింది ప్యాడ్లు చూసుకుంటాయి. తరవాతి సిగ్నల్ దాకా ఆ కరెంటుతోనే ఇంజిన్ ఆపి పాకవచ్చు. ఖమ్మం దారిలో ఒకే వేగంతో వంద కిలోమీటర్ల మీద పోతున్నప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఏమీ ఉండదు, కారు గాలితో పోరాడుతూ ఉంటుంది. కాబట్టి మామూలుగా ఊళ్లో తక్కువ, హైవే మీద ఎక్కువ వచ్చే మైలేజీ ఈ కార్లలో తరచు తిరగబడుతుంది.

ఉదాహరణకు మారుతి గ్రాండ్ విటారాలో మాన్యువల్ గేర్ల స్మార్ట్ హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97. రెండూ పరీక్షశాల అంకెలే. మీ దారిలో మొదటిది 14, రెండోది 22 ఇస్తాయనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకు 71 లీటర్లకు బదులు 45 లీటర్లతో సరిపోతుంది. మిగిలిన 26 లీటర్లను లీటరు 107 రూపాయల లెక్కన కడితే నెలకు 2,800 రూపాయల లోపు. అదనంగా పెట్టిన రెండు లక్షలు తిరిగి రావడానికి ఆరేళ్లు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవారికి మూడేళ్లే. కారును నాలుగేళ్లకు అమ్మేసే అలవాటు ఉంటే డబ్బు కోసం స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకోకండి. పదేళ్లు ఉంచుకునేవారైతే తీసుకోండి. ఆ ట్రాఫిక్‌లో చప్పుడు లేని కారులో కూర్చోవడం కూడా ఒక లాభమే, దానికి వెల మీరే కట్టుకోవాలి.

బ్యాటరీ సంగతి. ఎలక్ట్రిక్ కారులో ఉండేదంత పెద్దది కాదు ఇది. గ్రాండ్ విటారాలో ఉన్నది ఒక యూనిట్ కరెంటు కూడా పట్టనిది, 0.76 యూనిట్లే. కిరాణా కొట్టు గల్లాపెట్టెలో డబ్బులాగా అందులో కరెంటు రోజంతా వస్తూ పోతూ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు. బ్యాటరీ ఎక్కువ కాలం బతకడానికి ఇదే కారణం. టయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. మీ వంతుగా చేయాల్సింది ఒకటుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి చాలా హైబ్రిడ్ కార్లలో వెనక సీటు దగ్గరి జాలీ గుండా లోపలికి పోతుంది. అక్కడ పిల్లల దుప్పట్లు, సంచులు కుక్కి గాలి ఆపేస్తారు. జాలీ వెనక ఉన్న వడపోత గుడ్డ దుమ్ముతో మూసుకుపోయినా బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ దాన్ని విప్పి చూపించమని అడగండి. మీ బావగారికి కూడా ఈ మాట చెప్పండి.

ప్రశ్న: మాకు ఆరు లారీలున్నాయి. తాడేపల్లిగూడెం నుంచి చెన్నైకి బియ్యం లోడు, తిరుగు లోడు దొరికినప్పుడు సరే, లేకపోతే రెండు మూడు రోజులు ఆగడం. డీజిల్ ఖర్చు కిరాయిలో సగం మింగేస్తోంది. ఎల్‌ఎన్‌జీ లారీ కొనమని ఒకరు, ఎలక్ట్రిక్ లారీకి సబ్సిడీ ఉందని ఇంకొకరు. కార్లకు హైబ్రిడ్ ఉన్నప్పుడు లారీలకు ఎందుకు లేదు?
– ఒక లారీ యజమాని, తాడేపల్లిగూడెం

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావాటికి తాళంచెవి అదే. హైబ్రిడ్ లాభమంతా ఆగి కదలడంలో ఉంది. మీ లారీ జాతీయ రహదారి ఎక్కితే టోల్‌గేటు దగ్గర తప్ప ఆగదు. గంటకు అరవైలో సాఫీగా పోయే లారీకి హైబ్రిడ్ సరంజామా తగిలిస్తే అది రోజంతా ఉత్త బరువుగా ప్రయాణిస్తుంది. ఊళ్లో చెత్త ఎత్తే లారీకి, సిటీ బస్సుకు, ఇంటింటికీ సరుకు దించే వ్యానుకు అయితే బాగా పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ లెక్క మీరే వేసుకోండి. నిండు లోడుతో ఉన్న పెద్ద లారీ కిలోమీటరుకు సుమారుగా ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ల కరెంటు తింటుంది. మీ ఊరి నుంచి చెన్నైకి ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో చార్జింగ్ లేకుండా చేరాలంటే దాదాపు 650 యూనిట్ల బ్యాటరీ కావాలి. దాని బరువు నాలుగు టన్నులు దాటుతుంది. నాలుగు టన్నులంటే యాభై కిలోల బస్తాలు ఎనభై. ఆ ఎనభై బస్తాల కిరాయి ట్రిప్పు ట్రిప్పుకీ పోగొట్టుకోవాలి. లేదా చిన్న బ్యాటరీ పెట్టుకుని, దారిలో లారీలు తిరగడానికి చోటున్న పెద్ద చార్జర్లను నమ్ముకోవాలి. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఎలక్ట్రిక్ లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఉంటుందని కేంద్రం 2025 జులైలో ప్రకటించింది. అది నిజమైన సాయమే. కానీ ఆ సాయం సరిగ్గా పనికొచ్చేది రేవు నుంచి గోదాముకు, క్వారీ నుంచి క్రషర్‌కు, ఫ్యాక్టరీ నుంచి రైల్వే సైడింగ్‌కు రోజూ అదే చిన్న దారిలో తిరిగి రాత్రికి సొంత షెడ్డుకు చేరే లారీకి.

పల్లం దిగే దారి అయితే ఇంకా మంచిది. తిరుమల ఘాట్‌లో తిరిగే ఎలక్ట్రిక్ బస్సులను చూడండి. ఎక్కేటప్పుడు ఖర్చుపెట్టిన కరెంటులో కొంత, దిగేటప్పుడు మోటార్లు బస్సును నిలవరిస్తూ తిరిగి బ్యాటరీలో వేస్తాయి. డీజిల్ బస్సు ఆ మలుపుల్లో అదంతా బ్రేకు లైనర్లకు ధారపోస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి గనిలో పెద్ద ఎలక్ట్రిక్ డంపర్ నిండు లోడుతో కిందికి దిగుతూ, ఖాళీగా పైకి ఎక్కడానికి కావాల్సిన కరెంటును చాలావరకు తానే తయారు చేసుకుంటుంది. మన బేతంచెర్ల, తాండూరు గనుల వాళ్లు తమ దారుల్లో ఎత్తుపల్లాలను ఒకసారి కొలిపించుకోవాలని నా కోరిక.

ఇక ఎల్‌ఎన్‌జీ. సహజవాయువును సున్నాకు 162 డిగ్రీల కిందికి చల్లబరిస్తే ద్రవమై, అది ఆక్రమించే చోటు సుమారు ఆరు వందల వంతుకు కుదించుకుపోతుంది. లారీ పక్కన ఉండేది రెండు గోడల ట్యాంకు, గోడల మధ్య గాలి తీసేసి ఉంటుంది. ఒకసారి నింపితే చాలా దూరం పోవచ్చు, సీఎన్‌జీ సిలిండర్ల వరస మోసే పని లేదు. మన దేశంలో తయారయ్యే ఈ లారీలు స్పార్క్ ప్లగ్గుతో మండే ఇంజిన్‌తో వస్తున్నాయి, డీజిల్ ఇంజిన్ కంటే చప్పుడు తక్కువ. దూరం పోయే లారీకి ఇప్పటికి ఇదే డీజిల్‌కు దగ్గరి ప్రత్యామ్నాయం అని నా అభిప్రాయం.

అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. తిరుగు లోడు లేకపోతే రెండు మూడు రోజులు ఆగుతాం అన్నారు. ట్యాంకు గోడలు ఎంత మంచివైనా బయటి వేడి మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది, ద్రవం మరిగి వాయువవుతూ ఉంటుంది. లారీ నడుస్తుంటే ఇంజిన్ దాన్ని తాగేస్తుంది. నిలిపి ఉంచితే పీడనం పెరుగుతూ పోయి, కొన్ని రోజులకు రక్షణ వాల్వు తెరుచుకుని గ్యాసును బయటికి వదులుతుంది. డబ్బు గాలిపాలు, పైగా సహజవాయువులో ఎక్కువగా ఉండే మీథేన్ బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే ఎన్నో రెట్లు భూమిని వేడెక్కించేది. రెండు మూడు రోజులకు భయం లేదు గానీ, సీజన్ అయిపోయిందని వారాల తరబడి మూసిన షెడ్డులో పెట్టే అలవాటు ఉంటే ఎల్‌ఎన్‌జీ జోలికి పోవద్దు. ముందు ఏడాది పొడవునా రానూపోనూ లోడు ఒప్పందం ఉన్న ఒక్క దారిని ఎంచుకోండి. ఆ దారిలో ఏ ఎల్‌ఎన్‌జీ బంకులు నిజంగా పనిచేస్తున్నాయో మీ డ్రైవరుతోనే కనుక్కోండి. ఒక్క లారీతో మొదలుపెట్టండి, ఆరూ ఒకేసారి మార్చవద్దు. నింపేటప్పుడు ముఖానికి కవచం, చేతికి మందపాటి తొడుగులు డ్రైవరు హక్కు. ఆ చల్లదనం తాకితే చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది.

ప్రశ్న: ట్యాక్సీ నడుపుతాను. సీఎన్‌జీ కారు. ఎండాకాలంలో సిలిండర్ నిండా పట్టించినా తక్కువ కిలోలు ఎక్కుతున్నాయి, బంకులో మోసం చేస్తున్నారా? సిలిండర్ పరీక్ష గడువు దాటింది, అది నిజంగా అవసరమా? తెలిసిన మెకానిక్ ఒకరు వంటగ్యాసు సిలిండర్ పెట్టి నడిపించవచ్చు, సగం ఖర్చు అంటున్నారు.
– ఒక ట్యాక్సీ డ్రైవరు, విజయవాడ

జవాబు: మూడో మాట ముందు. వద్దు. నమస్కారం పెట్టి చెబుతున్నాను, వద్దు. వంటగ్యాసు సిలిండర్ బండి కుదుపులకు, గుద్దుకోవడానికి తయారైనది కాదు. అందులోని ప్రొపేన్, బ్యూటేన్ గాలి కంటే బరువైనవి. లీకైతే పైకి పోవు, సీట్ల కిందా డిక్కీలోనూ పేరుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, కిటికీ తెరిస్తే పైకి పోతుంది. వంటగ్యాసు వాడితే చట్టరీత్యా నేరం, ప్రమాదం జరిగితే బీమా రాదు. అన్నిటికంటే ముఖ్యంగా వెనక సీట్లో మిమ్మల్ని నమ్మి కూర్చున్న కుటుంబం ఉంటుంది.

పరీక్ష అవసరం. మీ సిలిండర్‌లో గ్యాసు 200 బార్ పీడనంతో ఉంటుంది, అంటే బయటి గాలి పీడనానికి దాదాపు రెండు వందల రెట్లు. నింపిన ప్రతిసారీ ఆ ఉక్కు గోడ కాస్త సాగుతుంది, ఖాళీ అయినకొద్దీ ముడుచుకుంటుంది. మన దేశంలో మూడేళ్లకోసారి దాన్ని దించి, నీటితో నింపి, వాడకం కంటే బాగా ఎక్కువ పీడనం పెట్టి చూస్తారు. గోడ సాగి మళ్లీ సరిగ్గా వెనక్కి వచ్చిందా లేదా అన్నదే పరీక్ష. రాకపోతే ఆ సిలిండర్ పనికిరానట్టే. డిక్కీ తెరిచి టార్చి వేసి చూడండి. సిలిండర్ మెడ దగ్గర వరస సంఖ్య, నీటి పరిమాణం (సిలిండర్‌లో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో), వాడే పీడనం, పరీక్ష జరిగిన నెల, ఏడాది గుద్ది ఉంటాయి. కారుకు అతికించిన పలకపై ఉన్న సంఖ్య, సిలిండర్ మీద ఉన్న సంఖ్య ఒకటే కావాలి. పరీక్షకు ఇచ్చినప్పుడు మీ సిలిండర్‌కు బదులు వేరేది తగిలించి పంపే చోట్లు ఉన్నాయి, అందుకే ఇచ్చే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. పట్టీల కింద రబ్బరు అరిగి ఉక్కుకు ఉక్కు రాసుకుంటోందా, అక్కడ తుప్పు మొదలైందా అని కూడా చూడండి. నేను చూసిన పాడైన సిలిండర్లలో తుప్పు ఎక్కువగా ఆ పట్టీ కిందే దాక్కుని ఉంది.

బంకు సంగతి. వేడెక్కిన గ్యాసు వ్యాకోచిస్తుంది. వేగంగా నింపేటప్పుడు సిలిండర్ లోపల ఎలాగూ వేడి పుడుతుంది, దానికి బెజవాడ మే నెల ఎండ తోడైతే ముల్లు 200 చూపించినా లోపలికి చేరిన కిలోలు తక్కువే. మీరు కట్టేది కిలోలకు కాబట్టి మోసపోయినట్టు కాదు. తెల్లవారుజామున పట్టించుకోండి. పట్టించేటప్పుడు ప్రయాణికులను దించి దూరంగా నిలబెట్టడం మరవకండి.

ప్రశ్న: నాది 2012 నాటి బైకు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక 60 ఇచ్చే మైలేజీ 52కు పడింది. ఇంజిన్ పాడవుతుందా? నేను మొక్కజొన్న రైతును కూడా, మొక్కజొన్నతో తయారయ్యే ఇథనాల్ వల్ల మాకు మేలని చెబుతున్నారు.
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇథనాల్ లీటరులో పెట్రోలు లీటరు కంటే సుమారు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. దాన్ని పెట్రోలులో ఇరవై శాతం కలిపితే మైలేజీ తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021లో ప్రచురించిన ఇథనాల్ ప్రణాళికలోనే పాత రకం ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం, కార్లకు 6–7 శాతం తగ్గుతుందని రాసి ఉంది. మీ 60లో నాలుగు శాతం అంటే రెండున్నర కిలోమీటర్ల లోపే. మీకు ఎనిమిది తగ్గింది. మిగిలినదానికి కారణం బైకులోనే వెతకాలి. కార్బురేటర్ జెట్, గాలి ఫిల్టర్, చైను బిగువు, చక్రం చేత్తో తిప్పితే బ్రేకు పట్టుకుంటోందా, టైర్లలో గాలి. ఇవి చూపించండి.

పాడవడం గురించి: 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్ల భాగాలు ఈ20ని తట్టుకునేలా తయారయ్యాయి. మీ బైకులో రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ లోపలి వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి పగలవచ్చు. గొట్టం మెత్తబడి జిగటగా తగిలితే వెంటనే మార్పించండి, అది నిప్పుతో వ్యవహారం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో ట్యాంకులో సగం పెట్రోలుతో బైకును నెలల తరబడి కొట్టంలో నిలపవద్దు.

మీలాంటి పాత బండ్లవాళ్లకు బంకులో పది శాతం కలిపిన పెట్రోలు కూడా కొన్నాళ్లు అందుబాటులో ఉంచి ఉండాల్సింది. కొత్త బండి కొనే స్తోమత లేనివాడు రోజూ ఆ తేడాను తన జేబులోంచి కడుతున్నాడు, ఇది న్యాయం కాదు. మొక్కజొన్నకు గిరాకీ పెరగడం నిజమే, అందుకు సంతోషమే. కానీ నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని రోడ్డెక్కినవారూ రైతులే. నీళ్లు, గాలి పాడవుతాయన్న వారి భయాన్ని కొట్టిపారేయకూడదు.

ప్రశ్న: యుద్ధకాలంలో బస్సులు బొగ్గుతో నడిచేవని మా నాయనమ్మ చెప్పేది. రైలుకు బొగ్గు తెలుసు, బస్సుకు ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాయనమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు మన ప్రాంతంలోనూ బొగ్గు బస్సులు తిరిగాయి. అది రైలులా ఆవిరితో నడిచేది కాదు. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా, దాని నిండా కట్టెబొగ్గు. కింద నిప్పు పెట్టి, గాలి చాలీచాలకుండా పంపిస్తే బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే మండే వాయువును ఇస్తుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి, గొట్టం ద్వారా మామూలు పెట్రోలు ఇంజిన్‌లోకే పంపేవారు. పొద్దున్నే క్లీనరు విసనకర్ర యంత్రం పిడి తిప్పి తిప్పి నిప్పు రాజేస్తే గానీ బస్సు బయలుదేరేది కాదు.

ఆ వాయువులో దాదాపు సగం మండని నైట్రోజన్. కాబట్టి ఇంజిన్ బలం దాదాపు సగానికి పడిపోయేది. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారని, ఒక్కోసారి తోసేవారని పెద్దలు చెప్పే మాటకు కారణం అదే. ఆ వాయువు విషం కూడా. గొట్టం అతుకులు వదులైతే డ్రైవరుకు తల తిరిగేది. ప్రత్యామ్నాయ ఇంధనం అంటే కొత్త ముచ్చట అనుకునే కుర్రవాళ్లకు నేను ఆ క్లీనర్ల గురించి చెబుతుంటాను. వారి చెమటతో మన ఊళ్ల మధ్య రాకపోకలు నిలిచాయి. ఇంట్లో పాత ఫొటో ఏదైనా ఉంటే పంపండి, తప్పకుండా అచ్చు వేయిస్తాను.

ప్రశ్న: నీటిని హైడ్రోజన్‌గా మార్చి ఇంజిన్‌లోకి పంపే కిట్ 15 వేలకు అమ్ముతున్నారు. మైలేజీ రెట్టింపు అంటున్నారు. పెట్టించుకోనా?
– ఒక యువకుడు, కడప

జవాబు: పెట్టించుకోవద్దు. నీటిని విడగొట్టడానికి కరెంటు కావాలి, ఆ కరెంటు మీ ఆల్టర్నేటర్ ఇవ్వాలి, ఆల్టర్నేటర్‌ను తిప్పేది మీ పెట్రోలే. విడగొట్టడానికి పెట్టినంత శక్తి మండినప్పుడు తిరిగి రాదు, దారిలో ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేశానంటే దేశమంతా నోరు తెరిచి చూసింది. చివరికి 2016లో కోర్టు ఆయనకు జైలుశిక్ష వేసింది. ఆ పదిహేను వేలతో నాలుగు మంచి టైర్లు వేయించుకోండి.

ప్రశ్న: డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. మా జిల్లా మీదుగా హైడ్రోజన్ లారీలు తిరుగుతాయని విన్నాను. బ్యాటరీ బండ్లు ఉండగా హైడ్రోజన్ ఎందుకు సార్?
– ఒక విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: నువ్వు విన్నది నిజమేనమ్మా. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద 2025 మార్చిలో ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టులు ప్రకటించారు. మొత్తం 37 బస్సులు, లారీలు, 9 నింపే కేంద్రాలు. ఎంచుకున్న దారుల్లో 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖపట్నం–బయ్యవరం ఒకటి. ఆ 37లో 15 ఫ్యూయల్ సెల్ బండ్లు, 22 హైడ్రోజన్‌ను నేరుగా ఇంజిన్‌లో మండించేవి. ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి మంట లేకుండానే కరెంటు, నీరు ఇచ్చే పరికరం. ఇంజిన్‌లో మండిస్తే బొగ్గుపులుసు వాయువు రాదు గానీ, వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. పరీక్షలో ఈ తేడా రాయడం మరిచిపోవద్దు. మీ జిల్లాలోనే పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు.

నీ ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50–55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కిలోలో ఉండేది 33 యూనిట్ల శక్తి. ఫ్యూయల్ సెల్ అందులో సుమారు సగమే కరెంటుగా ఇస్తుంది, అంటే 16–17 యూనిట్లు. అవే 50 యూనిట్లను నేరుగా బ్యాటరీలో నింపితే 40 దాకా చక్రాలకు చేరతాయి. కాబట్టి బ్యాటరీతో అయ్యే పనికి హైడ్రోజన్ వాడటం దుబారా. కార్లకు, స్కూటర్లకు అది వద్దేవద్దు. బ్యాటరీ బరువు మోయలేని దూరపు పెద్ద లారీలకు, నిమిషాల్లో నింపుకుని పోవాల్సిన చోట దానికి స్థానం ఉండవచ్చు. దానికంటే ముందు ఎరువులకు, రిఫైనరీలకు, ఉక్కుకు ఆ హైడ్రోజన్ కావాలి. విశాఖ చుట్టుపక్కల ఆ పరిశ్రమలన్నీ ఉన్నాయి కాబట్టి లారీలు వచ్చినా రాకపోయినా నీ చదువుకు పని దొరుకుతుంది. పీడన పాత్రలు, లీకు పరీక్షలు, విద్యుత్ రసాయనం, ఈ మూడింటి మీద శ్రద్ధ పెట్టు.

ప్రశ్న: ఆటోనగర్‌లో పాతికేళ్లుగా మెకానిక్‌ను. పదో తరగతి చదివాను. హైబ్రిడ్ కార్లు రిపేరుకు వస్తుంటే నారింజ రంగు వైర్లు చూసి భయమేసి పంపించేస్తున్నాను. మా పని అయిపోయినట్టేనా మాస్టారూ?
– ఒక మెకానిక్, విజయవాడ

జవాబు: అయిపోలేదు. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఉంది, ఆయిలు ఉంది, రేడియేటర్ ఉంది, సస్పెన్షన్, స్టీరింగ్, ఏసీ అన్నీ ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు మాత్రం ఎక్కువ కాలం వస్తాయి. తక్కువ వాడకం వల్ల వాటి పిన్నులు బిగుసుకుపోతాయి, ఊడదీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టే పని మీదే. ఆ నారింజ వైర్లు చూసి భయపడి ఆగడం మీ అనుభవానికి గుర్తు, దాన్ని తక్కువ చేసుకోవద్దు. వాటిలో వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. అది ప్రాణం తీయగలదు.

నేర్చుకోవాల్సిన వరస ఇది. కారు ఆపి, తాళంచెవి కారుకు అందనంత దూరంలో పెట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. చేతికి వెయ్యి వోల్టుల రబ్బరు తొడుగులు వేసుకుని పెద్ద బ్యాటరీ దగ్గర దాని కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ లాగి, వేరెవరూ మళ్లీ పెట్టకుండా మీ జేబులో వేసుకోవాలి. ఆ తరవాత కనీసం పది నిమిషాలు ఏదీ ముట్టకూడదు, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగడానికి అంత సమయం పడుతుంది. అప్పుడు మీటర్‌తో కొలిచి సున్నా చూశాకే స్పానరు పట్టాలి. తొడుగులను వాడే ప్రతిసారీ పరీక్షించాలి. మణికట్టు వైపు నుంచి గాలి లోపల ఉండేలా చుట్టుకుంటూ రండి, వేళ్లు బుడగల్లా ఉబ్బాలి. అలా పట్టుకుని చెంప దగ్గర పెట్టి వినండి, సూది మొనంత రంధ్రం ఉన్నా గాలి సన్నగా తగులుతుంది. తగిలితే ఆ తొడుగును కత్తిరించి పారేయండి, ఇంకొకరు వేసుకోకుండా. రబ్బరు తొడుగు మీద తోలు తొడుగు వేసుకుంటే స్క్రూలు గీసుకోకుండా ఉంటుంది.

పదో తరగతి చాలు. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఎలక్ట్రిక్ వాహనాల సర్వీసు కోర్సులు ఉన్నాయి. మీ వరసలోని నాలుగైదు షెడ్ల వాళ్లు కలిసి కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే ఒక స్కానరు, ఒక మంచి మీటర్ కొనుక్కుంటే భారం తగ్గుతుంది. తొడుగులు మాత్రం ఎవరివి వారికే ఉండాలి, వాటిని పంచుకోవద్దు. కోర్సు అయ్యేదాకా నారింజ వైర్లు ముట్టకుండా చేయగలిగిన పనులకే హైబ్రిడ్ కార్లను తీసుకోండి, మిగతావి నిస్సంకోచంగా పంపించేయండి.